నిలువు తెరలో కూచిపూడి

సోషల్ మీడియాలో నడిచే చిన్న వీడియోల కొలత 9:16. వెడల్పు తొమ్మిది పాళ్లు, ఎత్తు పదహారు పాళ్లు. పిక్సెళ్లలో చెబితే 1080 వెడల్పు, 1920 ఎత్తు. టీవీలో కనిపించే హెచ్‌డీ ఫ్రేమును పక్కకు తిప్పి నిలబెడితే సరిగ్గా ఇదే వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ 2016 ఆగస్టులో స్టోరీస్ తెచ్చాక నిలువు ఫ్రేము ఊరూరా అలవాటైంది. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడికి వచ్చాయి. షార్ట్స్‌ను యూట్యూబ్ మొదట పరీక్షించి చూసింది ఇండియాలోనే. అంతవరకు నిమిషానికి మించకూడని షార్ట్స్ నిడివిని 2024 అక్టోబరులో మూడు నిమిషాలకు పెంచారు.

ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసిన వీడియోకు ఆ ఫోన్‌లోని ఎడిటింగ్ యాప్ చాలు. చిక్కంతా అడ్డంగా తీసిన వీడియోతోనే. కూచిపూడి ప్రదర్శన, హరికథ, అష్టావధానం, పెళ్లి వంటివి స్టాండ్ మీద పెట్టిన కెమెరాతో గంటల కొద్దీ అడ్డంగా రికార్డవుతాయి. అందులోంచి ముప్పావు నిమిషం తీసి నిలువు తెరకు అమర్చాలంటే ఒక్కో ఫ్రేమును పట్టి చూడాలి, శబ్దపు అలల్ని పెద్దవి చేసుకుని వినాలి. ఆ పనికి కంప్యూటరు, పెద్ద తెర, కీబోర్డు కావాలి. వీటిలో కూచిపూడి మంచి పరీక్ష. పాదం నుంచి కనుబొమ దాకా ప్రతిదీ మాట్లాడే నాట్యంలో ఏది ఉంచాలో, ఏది వదలాలో ప్రతి క్షణం తేల్చుకోవాల్సిందే.

ముందు లెక్క చూడాలి. 1920×1080లో అడ్డంగా తీసిన వీడియో నుంచి పూర్తి ఎత్తుతో నిలువు ముక్క కోస్తే దాని వెడల్పు సుమారు 607 పిక్సెళ్లు. ఫ్రేములో మూడింట రెండు వంతులకు పైగా పోతుంది. మిగిలిన ముక్కను 1080 వెడల్పుకు సాగదీయాలంటే దాదాపు 1.8 రెట్లు పెంచాలి. కాటుక గీత, నుదుటి చుక్క, వేళ్ల మొనలు మసకబారేది అక్కడే. అదే ప్రదర్శనను 4కేలో, అంటే 3840×2160లో తీసి ఉంటే నిలువు ముక్క వెడల్పు 1215 పిక్సెళ్లు వస్తుంది. కావలసినదానికంటే ఎక్కువే కాబట్టి సాగదీయనక్కర్లేదు. పైగా సుమారు 12 శాతం దగ్గరకు వెళ్లే వెసులుబాటు మిగులుతుంది. రేపు రీల్స్ చేయాలనుకునే నాట్య సంస్థ కెమెరా మనిషికి ముందుగా చెప్పాల్సిన మాట ఒకటే: 4కేలో తీయమని.

సాఫ్ట్‌వేర్ల విషయానికొస్తే, ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వారి డావిన్సీ రిజాల్వ్ ఉచితంగా దొరుకుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. ఉచిత వెర్షన్ వీడియో మీద ముద్ర వేయదు, 4కే వీడియోనూ బయటికిస్తుంది. అడోబీ ప్రీమియర్ ప్రోకు నెలనెలా చందా కట్టాలి. ఫైనల్ కట్ ప్రో యాపిల్ యంత్రాల మీద మాత్రమే పనిచేస్తుంది. పాత కంప్యూటర్లకు కేడెన్‌లైవ్, షాట్‌కట్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి రిజాల్వ్ మేలు, కాకపోతే దానికి గ్రాఫిక్స్ కార్డు బలంగా ఉండాలి. 4కే ఫుటేజ్ వేయగానే ల్యాప్‌టాప్ ఆగి ఆగి నడుస్తుంటే ప్రాక్సీలు తయారు చేసుకోవాలి. ప్రాక్సీ అంటే అసలు ఫైలుకు తేలికపాటి నకలు. ఎడిటింగ్ అంతా నకలు మీద జరుగుతుంది, చివర్లో సాఫ్ట్‌వేర్ అసలు ఫైలును తీసుకుని వీడియో తయారు చేస్తుంది.

ప్రాజెక్టు తెరవగానే సెట్టింగుల్లో రెండు సంగతులు తేల్చాలి. మొదటిది కొలత: టైమ్‌లైన్‌ను 1080×1920కు మార్చాలి. అప్పుడు అడ్డం వీడియో పైనా కిందా నల్ల పట్టీలతో చిన్నగా కనిపిస్తుంది. క్లిప్‌ను పెద్దది చేసి ఫ్రేము నిండా తెచ్చుకోవచ్చు, లేదా పక్కలు కోసి ఫ్రేము నింపే ఆప్షన్‌ను సెట్టింగుల్లోనే ఎంచుకోవచ్చు.

రెండోది ఫ్రేమ్ రేటు. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీసి ఉంటే టైమ్‌లైన్ కూడా 25లోనే ఉండాలి. రిజాల్వ్‌లో టైమ్‌లైన్ కట్టాక దీన్ని మార్చడం కుదరదు, కాబట్టి మొదటే చూసుకోవడం మంచిది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడం వల్ల మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ షట్టర్ 1/50 లేదా 1/100లో లేకపోతే ఆ మినుకు వీడియోలో చారలుగా పాకుతుంది. ఎడిటింగ్‌లో దాన్ని పూర్తిగా పోగొట్టడం చాలా కష్టం.

వింగ్ పక్కనుంచి ఎవరైనా ఫోన్‌తో తీసిన క్లిప్పులు కూడా కలుపుతుంటే మరో జాగ్రత్త అవసరం. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటును నిలకడగా ఉంచవు, వెలుతురును బట్టి పెంచుతూ తగ్గిస్తూ పోతాయి. అలాంటి ఫైలు టైమ్‌లైన్‌లో మొదట సరిగ్గానే కదిలి, కాసేపటికి గజ్జెల చప్పుడు ఒక చోట, పాదం ఒక చోట పడేలా జారిపోతుంది. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ముందుగా స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక ఏ ముక్క తీసుకోవాలన్నది. తరంగం నిలువు తెర కోసమే పుట్టిందా అనిపిస్తుంది. నారాయణ తీర్థుల కృష్ణలీలా తరంగిణి నుంచి తీసుకున్న కీర్తనకు నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడుతుంది. కొందరు తలమీద నీళ్ల చెంబు కూడా పెట్టుకుంటారు. చెంబు నుంచి పళ్లెం దాకా దృశ్యమంతా ఎత్తులోనే ఉంది, పక్కల పోయేది తక్కువ. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం అలా కాదు. ఇద్దరు పట్టుకున్న తెర వేదికకు అడ్డంగా ఉంటుంది, దాని మీదుగా జడ కిందికి వాలుతుంది. నిలువు ఫ్రేములో తెర మొత్తం పట్టదు. జడ ఒక్కదాన్నే పట్టుకుంటే దృశ్యం నిలుస్తుంది. ముందు జడ, తర్వాత తెర పైన కనిపించే ముఖం అని రెండు షాట్లుగా విడగొట్టడం మంచి పద్ధతి.

నిడివిని తాళమే చెబుతుంది. ఆది తాళంలో ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు. లయ నిమిషానికి 120 అక్షరాల వేగంలో నడుస్తుంటే ఒక ఆవర్తనం నాలుగు సెకన్లు, పదకొండు ఆవర్తనాలు 44 సెకన్లు. 45 సెకన్లు కావాలి కదా అని గడియారం చూసి కోస్తే జతి మధ్యలో తెగుతుంది. సంగీతం తెలియని ప్రేక్షకుడికీ ఏదో తడబడిందని తెలిసిపోతుంది. మధ్యలో కొంత భాగం తీసేయాల్సి వస్తే పూర్తి ఆవర్తనాలే తీసేయాలి. అప్పుడు అతుకు పడిన చోట కూడా సమం, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ, సమం మీదే పడుతుంది. సాహిత్యం మాత్రం సగంలో తెగకుండా చూసుకోవాలి.

రీల్స్, షార్ట్స్ చివరికి రాగానే వాటంతటవే మళ్లీ మొదలవుతాయి. వీడియో సమం మీద మొదలై, ముక్తాయింపు పూర్తయ్యాక తర్వాతి సమానికి ఒక్క ఫ్రేము ముందు ఆగితే, రెండోసారి తిరిగినప్పుడు తాళం తప్పదు. మొదట్లో పేర్ల కార్డు, సంస్థ ముద్ర వేయడం సభల్లో పద్ధతే గానీ ఇక్కడ అది నష్టం. వేలితో పైకి తోసేయడానికి ప్రేక్షకుడికి క్షణం చాలు. నాట్యంతోనే మొదలుపెట్టి, పేర్లను నడుస్తున్న వీడియో మీదే చూపించాలి.

టైమ్‌లైన్‌లో పని ఇలా సాగుతుంది. మృదంగం అలలు కనిపించేలా ఆడియో ట్రాక్‌ను ఎత్తుగా లాగి, ప్రతి సమం దగ్గరా మార్కర్ పెట్టుకోవాలి. జె నొక్కితే వీడియో వెనక్కి, ఎల్ నొక్కితే ముందుకు, కె నొక్కితే ఆగుతుంది. ఐ, ఓ కీలతో ముక్క మొదలు, చివర గుర్తించవచ్చు. ఈ అయిదు కీలు దాదాపు అన్ని పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఒకటే. 120 లయలో అక్షరానికి అర సెకను, అంటే 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పన్నెండున్నర ఫ్రేములు. అర ఫ్రేము అనేది లేదు కాబట్టి అక్షరానికో మార్కర్ పెడితే అవి ఒకసారి 12, ఒకసారి 13 ఫ్రేముల దూరంలో పడతాయి. పైగా మనుషులు వాయించే లయ యంత్రంలా ఉండదు. లెక్క దారి చూపిస్తుంది, చివరి మాట మాత్రం చెవిదే.

రీఫ్రేమింగ్ ఈ పని మొత్తానికీ గుండెకాయ. నర్తకి వేదిక మీద కుడికి జరిగితే నిలువు కిటికీ కూడా కుడికి జరగాలి. దీనికి కీఫ్రేములు పెడతారు: ఈ క్షణంలో చిత్రం ఇక్కడ, ఆ క్షణంలో అక్కడ అని రెండు చోట్ల గుర్తు పెడితే మధ్య దారిని సాఫ్ట్‌వేర్ నింపుతుంది. అలా నింపిన కదలిక మొదట్లోనూ చివర్లోనూ కుదుపుతో ఉంటుంది. ఈజ్ అనే ఆప్షన్ పెడితే నెమ్మదిగా కదిలి నెమ్మదిగా ఆగుతుంది. నర్తకి కదిలిన ప్రతిసారీ ఫ్రేము కదిలితే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. నిలువు ముక్కలో ఆమె ఇమిడి ఉన్నంతసేపు దాన్ని కదపకుండా ఉంచి, దాటిపోయే ముందు, తాళం మారే చోట కదిపితే కదలిక నాట్యంలో కలిసిపోతుంది. నర్తకి చూస్తున్న వైపు కొంచెం ఎక్కువ ఖాళీ వదలాలి. చేయి చాచినప్పుడు వేళ్లు తెగిపోతే ముద్రే పోయినట్టు. ముద్ర కోసం అవసరమైతే చిత్రాన్ని చిన్నది చేసినా తప్పు లేదు.

ఈ పనిని యంత్రమే చేసే సదుపాయం కూడా వచ్చింది. ప్రీమియర్‌లో ఆటో రీఫ్రేమ్ 2019 నుంచి ఉంది. రిజాల్వ్‌లో స్మార్ట్ రీఫ్రేమ్ డబ్బు కట్టిన స్టూడియో వెర్షన్‌లోనే దొరుకుతుంది. ఒకే మనిషి కూర్చుని మాట్లాడే వీడియోలకు ఇవి బాగానే పనికొస్తాయి. నాట్యం దగ్గర నమ్మకూడదు. యంత్రానికి ముఖం ముఖ్యం, తరంగంలో ప్రేక్షకుడికి పళ్లెం ముఖ్యం. యంత్రం చేసినదాన్ని ముసాయిదాగా తీసుకుని కీఫ్రేములను చేత్తో సరిచేస్తే కొంత శ్రమ తప్పుతుంది.

సత్యభామ, ఆమె చెలికత్తె మాధవి వేదిక మీద ఎడంగా నిలబడి సంవాదం నడుపుతుంటే ఏం చేయాలి? ఇద్దరినీ కుదించి మధ్యలో పెట్టి, పైనా కిందా అదే వీడియోను మసకబార్చి నింపడం చాలామంది చేసే పని. అది సమస్యను దాటేయడమే. తెరలో మూడో వంతు కూడా లేని బొమ్మలో సత్యభామ కళ్లలో కోపం ఎవరికి కనిపిస్తుంది? ఒకే క్లిప్‌ను రెండు ట్రాకుల్లో వేసి పై సగంలో సత్యభామను, కింది సగంలో మాధవిని చూపడం అంతకంటే మేలు. 1080×960 చొప్పున ఒక్కో సగం దాదాపు చతురస్రం కాబట్టి నడుము పై భాగం చక్కగా పడుతుంది. అన్నిటికంటే మంచిది మాట్లాడేవారి నుంచి వినేవారికి కట్ చేస్తూ పోవడం. సత్యభామ మాట వినిపిస్తుండగానే మాధవి ముఖం చూపిస్తే ఆ మాట ఎలా తగిలిందో తెలుస్తుంది. దీన్ని ఎల్ కట్ అంటారు. శబ్దం పాత షాట్‌దే సాగుతుంది, చిత్రం మారుతుంది.

శబ్దం దగ్గర ఒక సూక్ష్మం ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లు వెళుతుంది. వేదికకు 30 మీటర్ల దూరంలో పెట్టిన కెమెరా మైకుకు గజ్జెల చప్పుడు దాదాపు 87 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 25 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు కనుక రెండు ఫ్రేములకు పైగా తేడా. సౌండ్ వాళ్ల మిక్సర్ నుంచి తెచ్చుకున్న రికార్డింగ్‌ను సాఫ్ట్‌వేర్ అలల పోలికను బట్టి కెమెరా శబ్దంతో కలుపుతుంది. అలా కలిపినప్పుడు మంచి రికార్డింగ్‌కు కూడా అదే ఆలస్యం అంటుకుంటుంది. పాదం నేలను తాకిన ఫ్రేమును వెతికి, గజ్జెల చప్పుడు సరిగ్గా అక్కడ పడేలా ఆడియోను టైమ్‌లైన్‌లో రెండు ఫ్రేములు ఎడమ వైపుకు జరపాలి. అడ్డం వీడియోలో దూరంగా కనిపించే పాదానికి ఈ తేడా తెలియకపోవచ్చు. పళ్లెం మీద పాదాలను దగ్గరగా చూపే నిలువు ఫ్రేములో తెలిసిపోతుంది.

శబ్దపు స్థాయిని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనానికి వాడే కొలమానం) దగ్గర, అత్యధిక శిఖరాన్ని మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఉంచితే సరిపోతుంది. అంతకంటే బిగ్గరగా ఉన్నదాన్ని యూట్యూబ్ తనే తగ్గిస్తుంది. మృదంగం ఎడమ వైపు పలికే బరువైన నాదం ఫోన్ స్పీకరులో దాదాపు వినిపించదు. హెడ్‌ఫోన్లలో బాగుందని వదిలేయకుండా ఫోన్‌లో కూడా విని, గాత్రాన్ని, నట్టువాంగాన్ని కాస్త పైకి తేవాలి.

అక్షరాలు వేసేటప్పుడు తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఒత్తులు కిందికి, గుడులు పైకి సాగుతాయి కాబట్టి ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుస ఒత్తు కింది వరుస గుడితో ఢీకొంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో స్త్రీ, రాష్ట్రం వంటి మాటలు విడివిడి ముక్కలై కనిపిస్తాయి. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని గ్రాఫిక్స్ విభాగానికి వెళ్లి సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ ఆప్షన్ ఎంచుకుంటే అక్షరాలు కుదురుకుంటాయి. డీటీపీలో అను ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ నేరుగా అతికితే పిచ్చి గుర్తులు వస్తాయి, దాన్ని ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో కీర్తన సాహిత్యానికి మండలి, పేర్లకు లావుపాటి రామభద్ర బాగుంటాయి. తెలుగు మాటలు పొడుగు కనుక వరుసకు రెండు మూడు మాటలే పట్టాలి. అంతకు మించితే అక్షరం చిన్నదై వయసు పైబడినవారు చదవలేరు, నాట్య వీడియోలకు వాళ్లే ముఖ్యమైన ప్రేక్షకులు.

ఆ అక్షరాలు ఎక్కడ పెట్టాలన్నదీ అంతే ముఖ్యం. యాప్‌లో వీడియో మీద కింద ఖాతా పేరు, వివరణ, కుడి పక్కన లైకు, కామెంటు గుర్తులు వచ్చి కూర్చుంటాయి. రీల్స్ ప్రకటనల కోసం మెటా ఇచ్చిన సూచనలో పైన 14 శాతం, కింద 35 శాతం, పక్కల 6 శాతం ఖాళీ వదలమని ఉంది. 1920 ఎత్తులో ఇది పైన 270, కింద 670 పిక్సెళ్లు. అక్షరాలకు ఈ నియమం తప్పకుండా పాటించాలి. బొమ్మకు అంత కట్టుదిట్టం అక్కర్లేదు గానీ, తరంగంలో పళ్లెం ఫ్రేము అడుగున ఉంటే వివరణ కింద దాగిపోతుంది. నర్తకిని కాస్త చిన్నగా చూపించి, పాదాలు కింది పావు భాగానికి పైనే ఉండేలా అమర్చాలి. కెమెరా మనిషి పాదాల కింద కొంత వేదిక నేల వదిలి తీసి ఉంటేనే ఇది సాధ్యం.

రంగుల పని తక్కువే. వేదిక మీది ఎర్ర, నీలి లైట్లు చర్మపు రంగును మింగేస్తే కొంతవరకే సరిచేయగలం. ఐఫోన్ హెచ్‌డీఆర్‌లో తీసిన క్లిప్పులు మామూలు వీడియోల రంగు ప్రమాణమైన రెక్.709 టైమ్‌లైన్‌లో పడితే వెలిసిపోయినట్టో, మరీ తెల్లగానో కనిపిస్తాయి. కలర్ మేనేజ్‌మెంట్ ద్వారా వాటిని మార్చుకున్నాకే మిగతా క్లిప్పులతో కలపాలి.

హక్కుల సంగతి మరవకూడదు. నారాయణ తీర్థుల రచన ఎవరి సొత్తూ కాదు, కానీ దాని రికార్డింగ్‌కు హక్కుదారు ఉంటారు. భారత కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌పై హక్కు 60 ఏళ్లు, ప్రదర్శించిన కళాకారుల హక్కు 50 ఏళ్లు. రికార్డు చేసిన సంగీతానికి ఆడిన నాట్యాన్ని యూట్యూబ్‌లో పెడితే హక్కులున్న శబ్దాన్ని గుర్తించే కంటెంట్ ఐడీ వెంటనే పట్టుకోవచ్చు. సినిమా పాట కావాలంటే ఎక్స్‌పోర్ట్‌లో కలపకుండా యాప్‌లోని సంగీత భాండాగారం నుంచే తీసుకోవడం మేలు. ప్రత్యక్ష వాద్య సహకారం ఉన్నప్పుడు గాయకులు, మృదంగం, వయొలిన్ కళాకారుల అనుమతి తీసుకుని వారి పేర్లు వేయాలి. నర్తకి పేరు మాత్రమే వేసి ఊరుకోవడం న్యాయం కాదు.

ఎక్స్‌పోర్ట్‌కు ఎంపీ4 ఫైలు, హెచ్.264 కోడెక్, 1080×1920, టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటే, 48 కిలోహెర్ట్జ్ ఏఏసీ ఆడియో. 1080 వీడియోకు 24 నుంచి 30 ఫ్రేముల మధ్య సెకనుకు 8 మెగాబిట్లు చాలని యూట్యూబ్ చెబుతుంది. నగలు, జరీ, వేగంగా కదిలే చేతులు ఉన్న నాట్యానికి ఇంకాస్త ఎక్కువ, 12 దాకా ఇవ్వడం మంచిది, ఎందుకంటే యాప్ దాన్ని మళ్లీ కుదిస్తుంది. 44 సెకన్లకు ఫైలు సుమారు 66 ఎంబీ అవుతుంది. కంప్యూటరు నుంచి ఫోన్‌కు వాట్సాప్‌లో పంపాలనుకుంటే వీడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే అక్కడే నాణ్యత పోతుంది.

అప్‌లోడ్ చేసే ముందు ఫోన్‌లో, పగటి వెలుతురులో, ఒకసారి శబ్దంతోనూ ఒకసారి శబ్దం లేకుండానూ చూడాలి. కవర్ బొమ్మగా నర్తకి కళ్లు తెరిచి ఉన్న, ముద్ర పూర్తిగా నిలిచిన ఫ్రేమును ఎంచుకోవాలి. ప్రొఫైల్ పేజీలో కవర్ పైనా కిందా కొంత తెగుతుంది కాబట్టి ముఖం మధ్య భాగంలో ఉండాలి. ప్రాజెక్టు ఫైలును, అసలు 4కే ఫుటేజ్‌ను వేరే హార్డ్ డిస్కులో దాచి పెడితే అదే టైమ్‌లైన్ నకలు తీసి, కొలత మార్చి, నాట్య సంస్థ వెబ్‌సైటుకు అడ్డం వీడియోను కూడా ఇవ్వవచ్చు.